మార్జిన్ మనీకి రెండు రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మేము అనంతపురంలో ఉంటాం. ఫిబ్రవరిలో పెళ్లయింది. నాకు 29 ఏళ్లు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తాను, చేతికి 42,000 వస్తుంది (ఓటీతో కలిపి). నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 18,000. అద్దె 9,000, ఇంటి ఖర్చు 18,000, ఊళ్లో అమ్మానాన్నలకు 5,000, బైక్ ఈఎంఐ 4,000 (ఇంకా 10 నెలలు) పోను నెలకు 24,000 మిగులుతోంది. కళ్యాణదుర్గం రోడ్డు వైపు 45 లక్షలకు కట్టి సిద్ధంగా ఉన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ చూశాం. బ్యాంకు 8.5 శాతం వడ్డీకి, 30 ఏళ్ల గడువుతో 36 లక్షలు ఇస్తానంది. ఈఎంఐ 27,700. మా దగ్గర ఎఫ్‌డీ 5 లక్షలు, పెళ్లి చదివింపులు 2 లక్షలు ఉన్నాయి. ఇంకా 6 లక్షలు తక్కువ పడతాయి. 3 లక్షలకు నా భార్య నగలు బ్యాంకులో పెట్టి, మిగతా 3 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. తనకూ ఇష్టమే. అద్దె దండగ కదా సార్. అద్దె తీసేస్తే మా మీద అదనంగా పడేది 18,700 మాత్రమే. లక్ష బయానా అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొద్దు.

ఇల్లు కొనడం తప్పని కాదు. మీరు వేసిన లెక్క తప్పు. కొత్తగా పెళ్లయిన జంటలు చాలామంది ఇదే లెక్క వేస్తారు కాబట్టే మీ ఉత్తరానికి ఇంత జవాబు రాస్తున్నాను. బ్యాంకు ఎంత ఇస్తానంటే అంతకు తగ్గ ఇల్లు చూస్తారు. తక్కువ పడింది ఎక్కడో ఒకచోట సర్దుతారు. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రానికి ఖాతాలో ఏమీ ఉండదు. ఆ మర్నాటి నుంచి ఏ చిన్న ఖర్చు వచ్చినా మళ్లీ అప్పే.

ముందు చేతి నుంచి పెట్టాల్సింది చూద్దాం. మార్జిన్, అంటే బ్యాంకు లోన్ పోను ఇంటి ధరలో మీరు పెట్టాల్సింది, 9 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. 45 లక్షలకు అది 3,37,500. దీనికి బ్యాంకు లోన్ ఇవ్వదు. రెండూ కలిపి 12,37,500. మీ దగ్గరున్నది, అప్పు తెచ్చేది అంతా కలిపితే 13 లక్షలు. మిగిలేది 62,500. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లాయర్ ఫీజు, ఫ్యాన్లు, కప్‌బోర్డులు, గృహప్రవేశానికి వచ్చే చుట్టాల భోజనాలు అన్నీ ఇందులోనే కావాలి. అవుతాయా? కప్‌బోర్డులు క్రెడిట్ కార్డు మీద చేయిస్తారు, నాకు తెలుసు.

ఇప్పుడు నెల లెక్క. అదనపు భారం 18,700 అని రాశారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చే 3 లక్షల మీద నెలకు 6,000 ఎక్కడ? బంగారం అప్పుకు 10 శాతమే వేసుకున్నా నెలకు 2,500 ఎక్కడ? అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 1,500 అనుకుందాం. ఇవి కలిస్తే భారం 28,700. మీకు మిగులుతున్నది 24,000. అంటే మొదటి నెల నుంచే 4,700 తక్కువ. ఇంత చేసీ 6 లక్షల అప్పులో ఒక్క రూపాయి అసలు తీరదు, కట్టేదంతా వడ్డీయే. బైక్ ఈఎంఐ అయిపోయాక కూడా నెలకు 700 తక్కువే.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 50 నెలలు వడ్డీ కడితే ఇచ్చినవాడికి తన 3 లక్షలు తిరిగి వచ్చేసినట్టే. మీ ప్రోనోటు మాత్రం అలాగే ఉంటుంది. తెలిసినవాళ్లే కదా అంటారు. తెలిసినవాళ్ల దగ్గర రెండు నెలలు వడ్డీ ఆగితే పెళ్లిళ్లలో, పేరంటాల్లో ముఖం చాటేయాల్సి వస్తుంది, బ్యాంకుతో ఆ బాధ లేదు. పైగా ఈ అప్పు సంగతి బ్యాంకుకు చెప్పారా? చెప్పి ఉంటే 36 లక్షలు ఇచ్చేవారు కాదు. ఇలాంటి అప్పుతో ఇల్లు కొనమని నేను ఎవరికీ చెప్పను, ఎంత మంచి ఫ్లాటైనా సరే.

నగల సంగతి. ఆమెకూ ఇష్టమే అని మీరు రాశారు, ఆ మాట ఆమె రాసి ఉంటే నాకు నమ్మకం కుదిరేది. బంగారం అప్పుకు సాధారణంగా ఏడాది గడువు పెడతారు. అప్పటికి అసలు లేకపోతే వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, వడ్డీ కూడా లేకపోతే వేలం నోటీసు వస్తుంది. మీ లెక్కలో ఆ అసలు తీర్చే డబ్బే లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ బ్రాకెట్లో మాట, ‘ఓటీతో కలిపి’. ఓటీ, అంటే అదనపు గంటల పనికి వచ్చే డబ్బు, ఎంతో రాయలేదు. కంపెనీకి ఆర్డర్లు తగ్గినప్పుడు మొదట పోయేది ఓటీయే. పే స్లిప్పు తీసి ఓటీ పక్కన పెట్టి జీతం ఎంతో చూడండి, అదీ మీ అసలు జీతం. ఇక మీ భార్యకు మే నెల జీతం ఇస్తారా? సెలవుల నెలకు జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్లు బోలెడున్నాయి. ఆ ఒక్క నెలలోనే మీకు 22,700 తక్కువ పడుతుంది. రేపు పిల్లో పిల్లాడో పుడితే ఆమె కొన్నాళ్లు ఇంట్లో ఉండాలి. వాన పడని ఏడు ఊళ్లో అమ్మానాన్నలకు 5,000 చాలదు. ఇవేవీ ఊహించలేని కష్టాలు కావు, మన జిల్లాలో ఏ ఇంట్లోనైనా వచ్చేవే.

అందుకే ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకండి. ఇల్లు కొన్న మర్నాడు కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు నెలల ఈఎంఐ బ్యాంకులో విడిగా ఉండాలి. అది లేకపోతే మీరు ఇంకా ఇల్లు కొనే స్థితికి రాలేదని అర్థం. ఈ డబ్బు మార్జిన్‌కు పనికిరాదు, కప్‌బోర్డులకు పనికిరాదు, బావమరిది పెళ్లికీ పనికిరాదు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా రైతు విత్తనపు శనక్కాయలు అమ్ముకోడు, ఈ డబ్బునూ అలాగే చూడాలి. ‘కొన్నాక నెమ్మదిగా పోగేసుకుంటాం సార్’ అంటారు చాలామంది. 30 ఏళ్ల లోన్‌లో మొదటి నెల కట్టే 27,700లో 25,500 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది సుమారు 2,200. అలాంటి ఏళ్లలో ఏం పోగేస్తారు? మొత్తం గడువూ కడితే 36 లక్షలకు దగ్గర దగ్గర కోటి కడతారు.

మరి ఏం చేయాలి? రెండేళ్లు ఆగండి, 35 లక్షల లోపు ఇల్లు చూడండి. మీ 7 లక్షల్లో 3 లక్షలు ఇవాళే ఎమర్జెన్సీ ఫండ్‌గా పక్కన పెట్టండి. మిగతా 4 లక్షలు ఇంటి కోసం. బైక్ ఈఎంఐ ఉన్న 10 నెలలు 24,000 చొప్పున, ఆ తర్వాత 14 నెలలు 28,000 చొప్పున బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. వడ్డీ వదిలేసినా 6,32,000 అవుతుంది. అంటే మీ చేతిలో 10,32,000. 35 లక్షల ఇంటికి 20 శాతం మార్జిన్ 7 లక్షలు, రిజిస్ట్రేషన్ 2,62,500. ఒక్క రూపాయి బయటి అప్పు లేకుండా సరిపోతుంది, చిల్లర ఖర్చులకు 70,000, దానికి తోడు ఆర్‌డీ వడ్డీ ఉంటాయి. ఇదే వడ్డీ రేటుకు 28 లక్షల లోన్ 20 ఏళ్లకే పెట్టుకున్నా ఈఎంఐ 24,300. ఇప్పటి 27,700 కన్నా తక్కువ, గడువు పదేళ్లు తక్కువ, నగలు బీరువాలోనే ఉంటాయి. ఆ తర్వాత బోనస్ వచ్చినప్పుడల్లా అసలుకు కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌ను బట్టి వడ్డీ మారే) హోమ్‌లోన్‌ను ముందే తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు.

ఈలోగా ధర పెరిగిపోతుంది కదా అంటారు. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. 24 శాతం వడ్డీ మాత్రం నెల తిరిగేసరికి కట్టి తీరాలి. అద్దె దండగ అన్న మాట కూడా మానేయండి. 9,000 అద్దె దండగైతే నెలకు 25,500 వడ్డీని ఏమనాలి?

మిగతావి క్లుప్తంగా. స్థలం కొని తర్వాత కట్టుకోవాలనుకుంటే ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం)తో పాటు సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూసుకోండి, అనుమతి లేని లేఅవుట్ల జోలికి పోకండి. రెండేళ్లలో కావాల్సిన డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు. హోమ్‌లోన్‌తో పన్ను మిగులుతుందని ఎవరైనా చెబితే కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపు లేదని గుర్తుపెట్టుకోండి. లోన్ ఇచ్చేటప్పుడు సింగిల్ ప్రీమియం (మొత్తం ఒకేసారి కట్టే) ఇన్సూరెన్స్ అంటగట్టి దాన్నీ లోన్‌లో కలుపుతామంటే ఒప్పుకోకండి, దాని మీదా ఏళ్ల తరబడి వడ్డీ కడతారు. మీ పేరు మీద విడిగా కోటి రూపాయల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోండి, ఇల్లు కొనేదాకా ఆగకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమాలో భార్య పేరు చేర్పించారా? పెళ్లయ్యాక చాలామంది మరిచిపోయే పని ఇది. ప్రసవ ఖర్చు ఎంతవరకు ఇస్తారో కూడా హెచ్‌ఆర్‌ను అడగండి, విడిగా తీసుకునే పాలసీల్లో దానికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే కొంతకాలం గడిస్తే గానీ ఆ ఖర్చు ఇవ్వరు.

ఎమర్జెన్సీ ఫండ్‌గా పక్కన పెట్టే ఆ 3 లక్షలను ఒకే ఎఫ్‌డీ రసీదుగా వేయకండి, లక్ష చొప్పున మూడు వేయండి. అవసరం పడితే ఒక్కటే విరిచి, మిగతా రెండింటి వడ్డీ పోకుండా చూసుకోవచ్చు. ఇద్దరి పేర్లతో, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు) అని రాయించండి. మీరు నైట్ షిఫ్ట్‌లో ఉన్నప్పుడు అవసరం వచ్చినా ఆమె ఒక్కరే వెళ్లి తీసుకోగలగాలి.