బ్యాండు మార్చమని అడిగే ముందు

చి. సౌ. లావణ్యకు,

పెద్దనాన్న ఆశీస్సులు. మీ కౌన్సిల్ వేసే ఇంటి పన్ను, అదే కౌన్సిల్ టాక్స్, గోడ అవతలి వాళ్లకు సి బ్యాండులో (శ్లాబులో) ఉందనీ, మీకేమో అంతకన్నా ఎక్కువ పడే డిలో వేశారనీ రాశావు. నీ అనుమానం సబబే. కానీ రెండు సంగతులు తేల్చుకోకుండా అర్జీ పెట్టకమ్మా.

ఇంగ్లండులో బ్యాండుకీ ఇవాళ్టి ధరకీ సంబంధం లేదు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంత పలికేదన్నదే లెక్క. 52,000 పౌండ్లు దాటి 68,000 వరకు సి, అది దాటితే 88,000 దాకా డి. 1993లో పన్ను మొదలయ్యే ముందు విలువలు హడావిడిగా కట్టారు. చాలా ఇళ్ల గడప తొక్కనే లేదు, వీధిలోంచి చూసి రాసేశారు. తప్పులు దొర్లింది అక్కడే.

మొదట ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టు. వీధిలో అందరి బ్యాండ్లూ కనిపిస్తాయి. మీ ఇంటి కాలంలోనే, అదే రకంగా, దాదాపు అంతే వైశాల్యంతో కట్టినవే ఏరుకో. పక్కిల్లు ఒక్కటీ చూపిస్తే చాలదు, నాలుగైదు చిరునామాలు కావాలి. మీకు అమ్మినవాళ్లు వెనక గది పెంచి కట్టారేమో కూడా కనుక్కో. అలాంటి ఇల్లు చేతులు మారాక బ్యాండు పెంచడం మామూలే.

రెండోది పాత ధర. ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే ల్యాండ్ రిజిస్ట్రీ లెక్కల్లో 1995 నుంచి అమ్మకాలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ దొరికిన ధరను ఇంటి అప్పులిచ్చే నేషన్‌వైడ్ సంస్థ వాళ్ల ఇళ్ల ధరల కాలిక్యులేటర్లో వేసి 1991కి తెచ్చుకో. ఇది నీ ధైర్యం కోసమే, రుజువుగా చెల్లదు.

రెండూ నీ వైపే ఉంటేనే కదులు. బ్యాండు తగ్గడమే కాదు, పెరగనూ వచ్చు. పక్కవాళ్లదే తప్పని తేలితే వాళ్ల సి కాస్తా డి అవుతుంది. రోజూ ముఖాలు చూసుకునే వాళ్లకు ఆ ఖర్చు తెచ్చిపెట్టడం నాకు మాత్రం ఇష్టం లేదు.

పన్ను నీ పేరు మీదికి వచ్చిన ఆరు నెలల లోపయితే సవాలు చేసే హక్కు నీకు ఉంటుంది. తర్వాతయితే గట్టి రుజువులుంటేనే పట్టించుకుంటారు. దీనికి ఫీజేమీ లేదు, వెనక్కి వచ్చే డబ్బులో వాటా అడిగే ఏజెంట్లను దగ్గరికి రానివ్వకు. తేలేదాకా బిల్లు మాత్రం కడుతూనే ఉండు. గెలిస్తే మీరు చేరిన రోజు నుంచీ ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుంది. నీ సవాలును కాదంటే మూడు నెలల్లోపు ఇలాంటి తగాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

అన్నట్టు, అల్లుడుగారు రాకముందు ఆ ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్నావు కదా. ఆ నెలలకు 25 శాతం తగ్గింపు ఉంటుంది. ఈ వారమే కౌన్సిల్‌కు రాసి అడుగు.