ఎంతసేపు వేరు, ఎప్పుడు వేరు

కర్నూలు

తమ్ముడూ,

అనంతపురం నుంచి నువ్వు పంపిన రిపోర్టు చూసినాను. బోరు మోటార్లు ఎంతసేపు ఆడినాయో చెప్పే పట్టిక అది. మొదటి గడిలోనే 9:30 అని ఉంది. రైతు చూస్తే పొద్దున తొమ్మిదిన్నరకు మోటారు వేసినట్టు అనుకుంటాడు. ఇంకొకరు తొమ్మిది నిమిషాల ముప్పై సెకండ్లు అనుకుంటారు. నీ మనసులో ఉన్నది తొమ్మిదిన్నర గంటలు. అట్లని 9.30 గంటలు అని మార్చేవు సుమా, అది 9 గంటల 18 నిమిషాలవుతుంది. తొమ్మిదిన్నర కావాలంటే 9.5.

"ఎప్పుడు" అనేది గడియారం చెప్పేది. "ఎంతసేపు" అనేది నీళ్లకు లీటర్ల లాంటి కొలత. దాన్ని సెకండ్లలో, పూర్ణ సంఖ్యగా దాచు: 34,200. గడి పేరులోనే "ఆడిన సెకండ్లు" అని పెట్టు. గంటలు, నిమిషాలుగా విడగొట్టే పని మనిషి కంటికి చూపే చివరి మెట్టులోనే చెయ్యి.

ఎక్సెల్‌తో జాగ్రత్త. దానికి రోజంతా కలిపి 1, తొమ్మిదిన్నర గంటలు 0.3958. మూడు రోజులు 9:00, 9:15, 9:15 కలిపితే 27:30 రావాలి గదా, గడిలో 3:30 కనిపిస్తుంది. ఇరవైనాలుగు దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపుతుంది. లోపల విలువ సరిగానే ఉంటుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చదరపు బ్రాకెట్లు వేస్తే చాలు, [h]:mm అని. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోనూ ఇదే గుంత ఉంది. అందులో వ్యవధిని దాచేది టైమ్‌డెల్టా. ఆ 27:30ని దాచిన టైమ్‌డెల్టాను "సెకండ్స్" అడిగితే రోజులు పోగా మిగిలిన 12,600 మాత్రమే ఇస్తుంది, అంటే మళ్లీ ఆ మూడున్నర గంటలే. "టోటల్ సెకండ్స్" అడుగు, 99,000 వస్తుంది.

సెకండ్లను ముందు పూర్ణ సంఖ్యకు రౌండ్ చెయ్యి, తర్వాత గంటలు, నిమిషాలుగా విడగొట్టు. 3599.7 సెకండ్లను ముందే విడగొట్టి, సెకండ్లను చివర్లో రౌండ్ చేస్తే 0:59:60 అనే వింత వస్తుంది.

రాత్రి 10:40కి వేసి తెల్లవారి 5:10కి ఆపిన మోటారుకు నీ లెక్క మైనస్ పదిహేడున్నర గంటలు చూపుతోంది. మైనస్ వస్తే 24 కలిపేద్దామనిపిస్తుంది. అది అతుకే, మోటారు రోజుకు మించి ఆడితే ఆ లెక్కా తప్పుతుంది. తేదీతో సహా రాసుకో, ఆరున్నర గంటలు దానంతటదే వస్తుంది. ప్రతి వరుసలోనూ సరిగ్గా 19,800 సెకండ్లు ఎక్కువో తక్కువో ఉంటే వేరే చోట వెతకొద్దు. ఒక సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఇంకోటి దానికి ఐదున్నర గంటలు ముందుండే మన సమయంలో పడింది. మోటారు దగ్గరి పెట్టె తానే వ్యవధి కొలుస్తుంటే మోనోటోనిక్ గడియారం, అంటే ఎప్పుడూ వెనక్కి పోకుండా ముందుకే నడిచేది, వాడించు. మామూలు గడియారాన్ని నెట్‌వర్క్ సరిచేసినప్పుడు అది ముందుకో వెనక్కో దూకొచ్చు.

ఇంకో సిస్టమ్‌కు పంపేటప్పుడు తేదీలు, సమయాలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 రాత వాడొచ్చు: 27 గంటల 30 నిమిషాలకు పీటీ27హెచ్30ఎం (PT27H30M). అందులో "టీ" మరిచిపోవద్దు. పీటీ1ఎం అంటే నిమిషం, పీ1ఎం అంటే నెల! నెలకు ఇన్ని సెకండ్లని స్థిరమైన లెక్క కూడా లేదు.

సిగ్నల్ రాని రోజుకు సున్నా వెయ్యొద్దు, ఖాళీగా వదులు. సున్నా అంటే మోటారు ఆడలేదని.

సరిచేసినాక 0, 59, 60, 3599, 3599.7, 3600, 86,399, 86,400, 99,000 పెట్టి చూడు. ఖాళీ గడి కూడా ఒకటి పెట్టు. వచ్చినది నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న