ఆడ పాత్రను అబ్బాయి ఆడకూడదా?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను కర్నూలులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఆదివారం సాయంత్రాలు మిత్రుడి ఇంటి మేడ మీద కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం. ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట ఇది; చేసిన పని ఫలిస్తుందో లేదో పాచికలు వేసి తేలుస్తాం, మిగతా కథంతా గేమ్ మాస్టరు చెబుతాడు. కొత్త కథలో నేను నాగులమ్మ అనే పాత్ర తీసుకున్నాను. ఆమె కోట కాపలాదళానికి నాయకురాలు. నేను నోరు తెరిస్తే చాలు, అందరూ నవ్వుతారు. ఏ సత్రంలో దిగినా ఎవడో ఒకడు ఆమె వెంట పడేలా గేమ్ మాస్టరు కథ నడుపుతున్నాడు. మిత్రుడి చెల్లెలు కిరాయి సైనికుడి పాత్ర ఆడుతోంది, ఆమెను ఎవరూ ఏమీ అనరు. ‘నీలో ఏదో తేడా ఉంది’ అని ఒకడు అన్న మాట మనసులో ఉండిపోయింది. పాత్ర మార్చుకోమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: మార్చుకోవద్దు నాయనా. నాగులమ్మను ఉండనివ్వు.

ముందు ఆ ‘తేడా’ మాట సంగతి చూద్దాం. మీ బల్ల దగ్గర దొంగ పాత్ర ఆడేవాడిని చూసి ఎవరైనా జేబు తడుముకున్నారా? ఈ ఆటలో మనం కానివారిగా కాసేపు ఉంటాం, అందుకే ఆడతాం. తమ గురించి తాము తెలుసుకోవడానికి ఇలాంటి పాత్ర ఎంచుకునేవారు కూడా ఉన్నారు. అందులోనూ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నీ సంగతి ఏదైనా, చెప్పాల్సింది నువ్వే. పక్కన కూర్చున్నవాడికి ఆ హక్కు లేదు.

ఆట నియమాలు కూడా ఒకప్పుడు ఆడ పాత్రను చిన్నచూపు చూశాయి. 1974లో ఈ ఆట వచ్చింది. 1978 నాటి నియమాల పుస్తకంలోని బలం పట్టికలో మానవ స్త్రీ పాత్రకు పురుషుడి కంటే తక్కువ హద్దు గీశారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ హద్దు తీసేశారు. 2014 నాటి ఐదో కూర్పు అయితే, ఆడైనా మగైనా పాత్రకు ప్రత్యేక లాభం గానీ నష్టం గానీ లేదని స్పష్టంగా చెబుతుంది. పుస్తకం ఎప్పుడో వదిలేసిన హద్దును మీ మేడ మీద మళ్లీ గీయడం ఎందుకు?

ఇక అసలు చిక్కు. నాగులమ్మకు ఆడదిగా ఉండడం తప్ప మీ కథలో వేరే పని దొరకడం లేదు. కోట తలుపులు ఎప్పుడు మూయాలి, రాత్రి పహారాకు ఎవరిని పంపాలి, జీతం అందని సైనికుడికి ఏం చెప్పాలి – ఇవి ఆమె తలనొప్పులు. వాటిని నువ్వే బల్ల మీదికి తీసుకురా.

కడపలో మా ఇంట్లో ఆడే పిల్లల్లో ఒక డిగ్రీ కుర్రాడు మంత్రసాని పాత్ర తీసుకున్నాడు. వాళ్ల మేనత్త ఏఎన్ఎం. ఆమెను కూర్చోబెట్టి అడిగి, తెలుసుకుని వచ్చాడు. కథలో వరద. ఏటి అవతలి ఊళ్లో ఒకామెకు కాన్పు కష్టమైందని కబురు వచ్చింది. పడవవాడి పాత్ర నాది, నది దాటించనని మొండికేశాను. కుర్రాడు గొంతు సన్నం చేయలేదు, లేని కొంగు సర్దుకోలేదు. కబురు తెచ్చినవాడి వైపు తిరిగి, ‘నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి? ఉమ్మనీరు పోయిందా? తొలి కాన్పా?’ అని అడిగాడు. తర్వాత నాతో, ‘నీ పెళ్లాం కాన్పుకు నేను అర్ధరాత్రి వచ్చాను, గుర్తుందా?’ అన్నాడు. నేను పడవ విప్పాను. పాచిక వేయించాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ పిల్లవాడిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

గేమ్ మాస్టరుతో ఆట మధ్యలో వాదించకు. ఆదివారానికి ముందే విడిగా కలిసి, ‘నా పాత్ర వెంట మగవాళ్లు పడే సన్నివేశాలు నాకు వద్దు’ అని సూటిగా చెప్పు. ఏవి కథలోకి రాకూడదో ముందే మాట్లాడుకోవడం ఈ ఆటలో మామూలే. నవ్వేవాళ్లతో కూడా ఒక్కసారి చెప్పు. ఆ తర్వాతా మానకపోతే వేరే బల్ల చూసుకో. నాగులమ్మ నీతోపాటే వస్తుంది.

ఒక మాట మాత్రం మీరందరూ ఆలోచించాలి. తాడిపత్రిలో 1880లో పుట్టిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. మగవాళ్లు ఆడవేషాలు కడుతున్నంత కాలం రంగస్థలం మీద ఆడవాళ్లకు చోటు దొరకడం కష్టమయ్యేది. నీ పాత్ర ఎవరి చోటునూ లాక్కోవడం లేదు, మీలో ఒక అమ్మాయి కూడా ఉంది. కానీ నాగులమ్మ మాట్లాడిన ప్రతిసారీ వినిపించే ఆ నవ్వు, ఆడవాళ్లంటే ఈ బల్లకు ఎంత విలువ ఉందో ఆ చెల్లెలికి చెబుతోంది. ఆమె మగ పాత్రనే ఎందుకు ఎంచుకుందో ఎవరైనా అడిగారా? ఇష్టపడి తీసుకుని ఉంటే సంతోషం. ఈ వెంటపడే గోల తప్పించుకోవడానికే అయితే, మీ గేమ్ మాస్టరు అది వినాలి.

ప్రశ్న: నేను ఇదే ఆటలో సుంకం వసూలు చేసే ముసలి సుంకరి పాత్ర ఆడుతున్నాను. మగ గొంతు పెట్టాలా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: అక్కర్లేదమ్మా, మొదటి గంటలోనే గొంతు నొప్పి పుడుతుంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక సమాజంలో ఆడవాళ్లు మగ వేషాలు కూడా కట్టారు. వాళ్లకు పద్యం పాడాల్సిన అవసరం ఉండేది, నీకు లేదు. ‘అతను నాణెం కొరికి చూసి, బండిని వదలమంటాడు’ అని మామూలు గొంతుతో చెబితే చాలు. సుంకరి దేనికి లొంగుతాడో, దేనికి లొంగడో మాత్రం ముందే రాసి పెట్టుకో.