పులికాట్‌, నేలపట్టు: నీళ్లు చూసుకుని బయల్దేరండి (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లల్నీ అమ్మనూ తీసుకుని ఒక్కరోజులో పులికాట్‌ సరస్సు, నేలపట్టు పక్షుల చెరువు రెండూ చూసి రావాలనుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ముందు ఎక్కడికి వెళ్లాలి? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఒక్కరోజు చాలండీ, కాకపోతే తెల్లవారకముందే ఇల్లు కదలాలి. పొద్దున పులికాట్‌, సాయంత్రం నేలపట్టు. దారిలో ముందు తగులుతుంది కదా అని చాలామంది నేలపట్టులో దిగిపోయి, ఎండ ముదిరాక పులికాట్‌ చేరుకుంటారు. అప్పటికి బురదనేల కాగి, దాని మీద గాలి కదులుతూ ఉంటుంది. ఎంత ఖరీదైన బైనాక్యులర్‌ పెట్టినా దూరపు పక్షి వణుకుతూ, మసగ్గా కనిపిస్తుంది. అందుకే తొమ్మిదిన్నరలోపే అసలు చూడటం అయిపోవాలి.

16వ జాతీయ రహదారి మీద గూడూరు, నాయుడుపేట దాటి సూళ్లూరుపేటలో ఎడమకు తిరగండి. అక్కణ్నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సును కోసుకుంటూ తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలే ఉంటాడు. కాబట్టి ఉత్తరం వైపు, అంటే వెళ్లేటప్పుడు మీ ఎడమచేతి వైపున్న పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది. కుడివైపున నల్లటి నీడలు తప్ప రంగులు తెలియవు. అమ్మగారిని ఎడమ కిటికీ పక్కన కూర్చోబెడితే కారు దిగకుండానే చాలా చూస్తారు. దారి మధ్యలో అటకానితిప్ప దగ్గర కాసేపు ఆగండి. బండి పూర్తిగా రోడ్డు వారకు తీసి, ఇంజన్‌ ఆపి, హారన్‌ ముట్టకుండా ఉంటే పక్షులు తమ పనిలో తాముంటాయి. కారు తలుపు ధడాలున వేస్తే మాత్రం దగ్గర్లోని గుంపంతా లేస్తుంది.

రోడ్డు చివర అంతరిక్ష కేంద్రం తనిఖీ ద్వారం ఉంటుంది. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు, దానికి ముందే వెనక్కి తిరగాలి. రాకెట్‌ ప్రయోగం ఉన్న రోజున ఈ రోడ్డు మీద రద్దీ, తనిఖీలు ఎక్కువ. తేదీ ముందే చూసుకోండి. ఫ్లెమింగో పక్షుల పండుగ రోజుల సందడి పిల్లలకు సరదాయే గాని, పక్షులను నిదానంగా చూడాలంటే వేరే రోజు మేలు.

తిరుగు దారిలో దొరవారిసత్రం దగ్గర రహదారి దిగితే సుమారు 2 కిలోమీటర్లలో నేలపట్టు. మూడున్నరకల్లా చేరండి. చెరువు నీళ్లలో నిలబడ్డ ‘కడప’ అనే జాతి చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లి, నక్క లాంటివి చెట్టు దాకా రాలేవు. చెరువు తొందరగా ఎండిన ఏడు ఆ కాపలా పోతుంది, గూళ్లు మధ్యలోనే వదిలేయాల్సిన పరిస్థితి వస్తుంది. పెద్దవి పులికాట్‌ దాకా ఎగిరిపోయి చేపలు పట్టుకొస్తాయి. సాయంత్రం ఒక గూడు మీదే చూపు నిలపండి: తల్లి రెక్కలు ముడిచిందో లేదో, పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది, మెడ కూడా కనపడదు. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్‌ పక్షులు) కూడా అక్కడే ఉంటాయి. కావలి బురుజుకు మెట్లెక్కాలి. అమ్మగారు కిందే కూర్చున్నా లోటుండదు.

ప్రశ్న: కిందటి డిసెంబరులో వెళ్తే ఫ్లెమింగోలు చాలా తక్కువ. ఉన్నవీ బూడిద రంగులో ఉన్నాయి. గులాబీ రంగువి ఎప్పుడొస్తాయి? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: నెలను కాదు, నీటి లోతును చూడాలి. ఫ్లెమింగో తల తలకిందులుగా ముంచి, నాలుకతో నీటిని లాగి వదులుతూ, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్ల లాంటి సన్నటి వరసతో నాచునూ చిన్న పురుగులనూ వడకట్టుకుంటుంది. ఆ పని పలచటి నీటిలోనే సాగుతుంది. అక్టోబరు–డిసెంబరు వానలు దండిగా పడితే స్వర్ణముఖి, కాళంగి నీళ్లు చేరి సరస్సు లోతవుతుంది. అప్పుడు పక్షులు ఎక్కడో పలచగా ఉన్న అంచులకు చెదిరిపోతాయి, నీరు దిగాక జనవరి, ఫిబ్రవరిలో రోడ్డు పక్కకు వస్తాయి. వానలు ముఖం చాటేస్తే ఉత్తర భాగం ముందే ఎండి, ఉప్పు తేలి, పక్షులు తొందరగా వెళ్లిపోతాయి. సముద్రంతో కలిపే ముఖద్వారాల్లో ఇసుక మేట వేసినప్పుడు ఈ ఎండిపోవడం మరింత త్వరగా జరుగుతుంది. బయల్దేరే ముందు సూళ్లూరుపేటలో తెలిసినవాళ్లుంటే ‘రోడ్డు పక్క నీళ్లు మోకాలి లోతున్నాయా, చీలమండ దాకేనా’ అని అడగండి. ‘పక్షులొచ్చాయా’ అని అడగడం కన్నా ఇదే పనికొస్తుంది.

మీరు చూసిన బూడిద రంగువి పిల్లలు. తినే నాచులో, రొయ్య జాతి జీవుల్లో ఉండే రంగు ఒంటికి పట్టడానికి ఏళ్లు పడుతుంది. పెద్దవి కూడా నిలబడి ఉన్నప్పుడు తెల్లగానే అనిపిస్తాయి, ఎర్రదనమంతా రెక్కల మడతల్లో ఉంటుంది. వాటంతట అవి ఎగిరే దాకా ఓపిక పట్టాలి తప్ప, రంగు కోసం లేపకండి.

ప్రశ్న: నేల ఎండినట్టే ఉంటుంది కదా, బైకు దింపి దగ్గరి నుంచి ఫొటోలు తీయొచ్చా? డ్రోన్‌ ఎగరేయొచ్చా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండూ వద్దు. పైన తెల్లటి ఉప్పు పొర అప్పడంలా గట్టిగా కనిపిస్తుంది. కాలు వేస్తే అది విరిగి, కింద నల్లటి జిగురు బురద చీలమండ దాటుతుంది. బైకు దిగబడితే లాగడానికి మరో బండి కూడా అక్కడికి రాలేదు. పైగా పులికాట్‌ 1976 నుంచి అభయారణ్యం, అంతరిక్ష కేంద్రం పక్కనే ఉంది. డ్రోన్‌ తెచ్చినవాళ్లు చిక్కుల్లో పడతారు. గుంపు మెడలు ఎత్తి, తినడం ఆపి, అంతా ఒకే వైపు నడవడం మొదలుపెట్టిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారన్నమాట. ఆగి, వెనక్కి జరగండి. లేచిన ప్రతిసారీ అవి మేత సమయాన్నీ ఒంట్లో బలాన్నీ కోల్పోతాయి. మనకు ఒక ఫొటో, వాటికి అది పెద్ద నష్టం.

ప్రశ్న: పడవలో వెళ్లాలంటే? – ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: తడ మండలం భీమునివారిపాలెం నుంచి పడవలుంటాయి. ఇరకం దీవికి రాకపోకలూ అక్కణ్నుంచే. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. లైఫ్‌ జాకెట్‌ ఇవ్వకపోతే ఎక్కకండి. సరస్సు సగటు లోతు మీటరు కాబట్టి మోటారు రెక్క బురదకు తగిలితే పడవవాళ్లు గడ వేసి నెడతారు, కంగారు పడి ఒక్కవైపుకే జరగకండి. నీళ్లలో వరసగా గుంజలు కనిపిస్తే అవి జాలర్ల వలలు. వాటి మీదుగా పోదామని పడవవాణ్ని తొందరపెట్టకండి, ఒక వల చిరిగితే ఒక ఇంటి ఆ రోజు కూలి పోయినట్టే.

ప్రశ్న: బైనాక్యులర్‌ ఏ సైజు కొనాలి? – ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: 8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42లో పక్షి పెద్దదిగా కనిపిస్తుంది గాని చేతి వణుకు కూడా పెరుగుతుంది, ఎండ వేడికి కదిలే గాలి మరింత చిరాకు పెడుతుంది.