క్యాన్సర్ పేషెంట్‌కి హోలిస్టిక్ అసెస్‌మెంట్ అంటే అసలు ఏం చూడాలి?

అడిగిన చెల్లి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం అంట. కేస్ షీట్‌లో ఫిజికల్, సైకలాజికల్, సోషల్, స్పిరిచువల్ అని నాలుగు గళ్ళుంటే మొదటిది తప్ప మిగతావాటిలో ఏం రాయాలో తెలీట్లేదంటోంది. నేను వైజాగ్‌లో ఆంకాలజీ వార్డులో పదేళ్ళుగా చేస్తున్నా, మొదట్లో నేనూ ఆ మూడు గళ్ళలో "నార్మల్" అని రాసి పడేసినదాన్నే.

శ్రీకాకుళం వైపు నుంచి ఒక మామ్మ వచ్చింది, అంగిట్లో క్యాన్సర్. మా ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు, దానివల్లే ఇది వస్తుంటుంది. పెయిన్ స్కోర్ 0 నుంచి 10లో ఎంత అంటే "నాకేటీ నొప్పి నేదమ్మా" అనేది, నేను 0 వేసేసేదాన్ని. కానీ తినదు, కొంగు నోటికి అడ్డం తియ్యదు, రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటుంది. మూడో రోజు నైట్ డ్యూటీలో కొడుకు టీకి కిందకెళ్ళినప్పుడు పక్కన కూర్చుని, స్కోరూ గీరూ పక్కనపెట్టి, నిద్దరెందుకు పట్టట్లేదు మామ్మా అన్నా. అప్పుడు బయటపడింది, నొప్పంటే ఇంకో సూది రాస్తారు, దానికి కొడుకు మళ్ళీ అప్పు తెస్తాడని ఈవిడ భయం. తినకపోడానికి కారణం ఇంకోటి, అంగిలికి చిల్లు పడి గంజి తాగితే ముక్కులోంచి వచ్చేస్తోంది, పక్క మంచాలవాళ్ళు చూస్తారని సిగ్గు.

మళ్ళీ అడిగితే స్కోర్ 8! డాక్టర్‌గారు మార్ఫిన్ మాత్రలు మొదలెట్టారు, ఆ మందులు ఆరోగ్యశ్రీలోనే వస్తాయని కొడుకు చేతే ఆవిడకి చెప్పించాం, తినేటప్పుడు కర్టెన్ వేసేవాళ్ళం, డెంటల్ వాళ్ళు చిల్లుకి అడ్డంగా ప్లేట్ చేసిచ్చారు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. నాలుగైదు రోజులకి మళ్ళీ తినడం మానేస్తే దిగులు పెట్టుకుందేమో అనుకున్నా. తీరా చూస్తే ఐదు రోజులుగా మోషనే లేదు, పొట్ట గట్టిగా ఉబ్బిపోయింది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది, అందుకే అది మొదలెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా పడాలి, పడిందో లేదో నేను చూసుకోలేదు, రోజూ అడగాల్సిన మాట ఒక్క రోజూ అడగలేదు.

ఫిజికల్ గడి కూడా బీపీ, పల్స్‌తో ఆపకు. టార్చ్ వేసి నోరు చూడు, పుళ్ళున్నాయా, నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటోందా. బరువు రాయి. కీమో అయి ఇంటికెళ్ళేవాళ్ళకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ ఉన్నా, దాటినా పారాసెటమాల్ వేసుకుని పొద్దున దాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా వచ్చెయ్యమని ఇంట్లోవాళ్ళకి రెండుసార్లు చెప్పు, ఒకసారి చెప్తే మర్చిపోతారు.

ఇంగ్లండ్‌లో హాస్పిస్ సేవలకి (చివరి దశ రోగుల్ని చూసుకునే చోట్లకి) దారి వేసిన సిసిలీ సాండర్స్ టోటల్ పెయిన్ అన్నది ఇదే, ఒళ్ళు నొప్పి, అప్పు, సిగ్గు, దేవుడు అన్నీ ఒకే నొప్పిలో కలిసుంటాయి. ఆవిడా ముందు నర్సే, డాక్టర్ అయింది తర్వాత.

ఇంక ఆ స్పిరిచువల్ గడి. దేవుణ్ణి నమ్ముతారా అని అడిగితే ఎవరైనా ఊఁ అంటారు, దాంతో ఏం తేలదు. మనసులో ఏం పీకుతోంది మామ్మా అన్నా. అరసవల్లి మొక్కు ఎప్పట్నుంచో తీర్చలేదంట, అందుకే ఈ రోగం వచ్చిందంట. నేను వాదించలేదు. షీట్‌లో "అరసవల్లి మొక్కు మిగిలుంది, కొడుక్కి చెప్పాం" అని రాశా. డిశ్చార్జ్ రోజు ఆటో ఎక్కుతూ ఆదివారమే కదా వెళ్ళేదని కొడుకుని రెండుసార్లు అడిగింది.