చిన్న గేమింగ్ కంప్యూటర్‌కు ఎస్‌ఎంపీఎస్ ముందు, గ్రాఫిక్స్ కార్డు తరువాత

45,000 రూపాయల లోపు, టేబుల్ మీద ఎక్కువ చోటు పట్టకుండా, ఇంట్లో ఆటలు ఆడుకోవడానికి పనికొచ్చే కంప్యూటర్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలని మీరు అడిగారు. కార్డు సంగతి తప్పకుండా చెబుతాను. కాని అంతకంటే ముందు ఎస్‌ఎంపీఎస్ గురించి, అంటే గోడ ప్లగ్గు కరెంటును మార్చి కంప్యూటర్ లోపలి భాగాలకు అందించే పెట్టె గురించి, చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దాన్ని పట్టించుకోకపోవడం వల్ల ఏమవుతుందో మా అక్క ఇంట్లో కళ్లారా చూశాను.

మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. మా మేనల్లుడు రెండేళ్లు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో ఒక ఫిబ్రవరిలో కంప్యూటర్ కట్టించుకున్నాడు. ఐ3-12100ఎఫ్ ప్రాసెసరు, ఆర్‌ఎక్స్ 6600 కార్డు, 16 జీబీ ర్యామ్, చూడముచ్చటైన చిన్న క్యాబినెట్. వీటిలో తప్పు పట్టవలసినది ఏదీ లేదు. అయితే క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ను దుకాణం వాళ్లు అలాగే ఉంచేశారు. తేలికపాటి ఆటలు ఆడినంత కాలం బాగానే నడిచింది. ఎండలు ముదిరి, వాడు పెద్ద ఆటలు మొదలుపెట్టాక, తెర మీద సందడి పెరగగానే మిషన్ ఉన్నట్టుండి ఆగిపోసాగింది. దుకాణంలో విండోస్ రెండుసార్లు మళ్లీ వేశారు, ర్యామ్ తీసి పక్క స్లాటులో పెట్టారు, చివరకు మీ ఇంటి కరెంటే బాగోలేదని చెప్పి పంపించేశారు.

ఒక ఆదివారం నేను వెళ్లి క్యాబినెట్ పక్క రేకు విప్పి, ఫోను టార్చి వేసి, ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన కాగితం చదివాను. పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. దాని కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. ప్రాసెసరూ కార్డూ ప్రధానంగా ఆ 12 వోల్టుల నుంచే కరెంటు తీసుకుంటాయి. పన్నెండు పదహారులు 192 వాట్లు. ఆ కార్డు ఒక్కటే 132 వాట్ల వరకు తీసుకుంటుంది, ఆ ప్రాసెసరు పూర్తి వేగంతో పనిచేసినప్పుడు 89 వాట్ల దాకా వెళుతుంది. రెండూ కలిపితే 221. ఇంకా ఫ్యాన్లు, బోర్డు లెక్కలోకి రానే లేదు. కొత్తది తెప్పించేవరకు ఆటలు ఆడవద్దని వాడికి గట్టిగా చెప్పి వచ్చాను. రెండు రోజుల తరువాత రాత్రి ఫోను మోగింది. ‘తమ్ముడూ, టప్‌మని శబ్దం వచ్చిందిరా, గదంతా మాడు వాసన, మెయిన్ ఆపేశాను’ అంది అక్క. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన దానికి వారంటీ ఉండదని దుకాణం వాళ్లు తేల్చేశారు. రెండేళ్ల కష్టార్జితంతో కొన్నదానికి ఆ సమాధానం విన్నప్పుడు వాడి ముఖం ఎలా ఉందో నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అందువల్ల మీరు మొదట ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు పక్కన పెట్టండి. 450 వాట్లవి చాలు, కాని 12 వోల్టుల గడిలో 36 ఆంపియర్ల చుట్టుపక్కల ఉండాలి, కంపెనీ వారంటీ బిల్లు మీద రాసి ఉండాలి. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే తప్ప లోపలి భాగాల నాణ్యతకు హామీ కాదు. కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్‌ను నడిపే యూపీఎస్ కూడా తీసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దెబ్బ తిన్న మా జిల్లాలో ఆ మాట ఎవరికీ నచ్చజెప్పనక్కర లేదు. 600 వీఏ అని అమ్మేవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి కనుక, మానిటరును కూడా కలిపి లెక్క వేసుకోండి.

చిన్నది కావాలని మినీ ఐటీఎక్స్ అనే బుల్లి మదర్‌బోర్డు జోలికి వెళ్లకండి. 17 సెంటీమీటర్ల ఆ బోర్డు ముచ్చటగానే ఉంటుంది గాని, మన దగ్గర దొరకడం కష్టం, ధర ఎక్కువ. 24 సెంటీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డుకు సరిపోయే చిన్న క్యాబినెట్లు ఉన్నాయి, వాటిలో మామూలు సైజు ఎస్‌ఎంపీఎస్ పట్టేవి చూసుకుంటే ఖర్చు చాలా కలిసివస్తుంది. ముందు భాగం మొత్తం గాజు ఉన్నది వద్దు, జల్లెడలాంటి రేకు ఉన్నది తీసుకోండి, ఎందుకంటే మే నెలలో మన గదుల వేడికి లోపలికి గాలి ఆడకపోతే ఎంత మంచి కార్డైనా వేగం తగ్గించుకుంటుంది. క్యాబినెట్‌లో ఎంత పొడవు కార్డు పడుతుందో కొనే ముందే చూసుకోండి.

ఇక మీరు అడిగిన కార్డు. ఇంత బడ్జెట్‌లో మొదటి ఏడాది కార్డే కొనకండి. రైజెన్ 5 5600జీ ప్రాసెసరు తీసుకోండి. దానిలోనే గ్రాఫిక్స్ ఉంది, తేలికపాటి ఆటలకు అది చాలు. అయితే అది ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి 16 జీబీ ఒక్క ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు వేయాలి. ఒక్కటే వేస్తే ఆటల వేగం బాగా పడిపోతుంది. డబ్బు చేతికందాక ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు చేర్చుకోవచ్చు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవకగా కనిపించినా వద్దు, బోర్డుతో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి దానికి నాలుగు లైన్ల దారి మాత్రమే ఉంటుంది, 5600జీ మీద ఆ దారి వేగం ఇంకా తగ్గుతుంది.

మరో మాట చెప్పక తప్పదు. చుట్టుపక్కల పట్టణాలలో ఐ7 గేమింగ్ కంప్యూటర్ అని చవకగా అమ్ముతున్నవాటిలో చాలావరకు పదేళ్లు దాటిన ప్రాసెసర్లే ఉంటున్నాయి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఐ7 అన్న పేరు చూసి పిల్లల తల్లిదండ్రులు మోసపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ప్రాసెసరు పూర్తి నంబరు చెప్పమనండి. చెప్పకపోతే అక్కడ కొనకండి. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లులో రాయించుకోండి, ఎందుకంటే మన ఊళ్ల నుంచి వారంటీ కోసం విశాఖపట్నమో భువనేశ్వరమో పంపవలసి వచ్చినప్పుడు మొదట అడిగేది దాన్నే.