కొత్త తరం తేలికపాటి ల్యాప్‌టాప్ కోసం ఆగాలా? ఒకసారి ఏడు నెలలు ఆగినవాడి జవాబు

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది: బెంగళూరులో సొంతంగా కన్సల్టింగ్ చేసుకుంటున్నారు, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంది, ఇప్పుడు వాడుతున్నది 2017లో కొన్న ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరు ల్యాప్‌టాప్, దాని బరువు రెండు కిలోల పైచిలుకు. లెనోవో కంపెనీ తేలికపాటి ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ కొత్త తరం మన దేశంలో అమ్మకానికి వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడు దొరుకుతున్నదే కొనుక్కోవాలా అన్నది మీ సందేహం. మీ పరిస్థితిలో ఆగవద్దు. ఇంత తెగేసి చెప్పడానికి కారణం నేను ఒకసారి ఆగి చూడడమే.

నాది అనంతపురం. పన్నెండేళ్లుగా మారతహళ్లిలో ఉంటూ చిన్న పరిశ్రమలకు అకౌంట్లు రాయడం, జీఎస్‌టీ రిటర్నులు వేయడం చేస్తున్నాను. వారానికి రెండు మూడు రోజులు కుందలహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో లైను మారి, పీణ్యలో దిగి అక్కడి వర్క్‌షాపులకు నడిచి వెళ్లాలి. మెజెస్టిక్‌లో మెట్లెక్కి దిగే ఆ కొద్ది నిమిషాల్లోనే భుజానికి ల్యాప్‌టాప్ బరువు ఎంతో తెలిసిపోతుంది. అందుకే 2024 జనవరిలో ఒక పెద్ద కంపెనీ కిలో చిల్లర బరువుతో కొత్త బిజినెస్ ల్యాప్‌టాప్‌ను ప్రకటించగానే, ఇక ఏదైనా కొంటే అదే కొనాలని నిశ్చయించుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వేరే కంపెనీ అయినా కథ ఇలాగే నడిచేదని తరువాత నాకు అర్థమైంది.

ప్రకటన వచ్చిన రోజున యంత్రం మన చేతికి వచ్చినట్లే అనిపిస్తుంది గానీ, నిజానికి ఆ ఒక్క మాట వెనుక నాలుగు వేరువేరు తేదీలు ఉంటాయి. లాస్ వేగాస్‌లో ఏటా జనవరిలో జరిగే సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో వేదిక మీద చూపించిన రోజు మొదటిది. అమెరికాలోనో ఐరోపాలోనో అమ్మకం మొదలయ్యే రోజు రెండవది. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషను, 2023 ఆగస్టులో ప్రభుత్వం ల్యాప్‌టాప్ దిగుమతులపై ఆంక్షలు ప్రకటించిన తరువాత ఏర్పడిన అనుమతుల పద్ధతి, ఇవన్నీ దాటుకొని భారతదేశపు జాబితాలో ఆ మోడల్ కనిపించే రోజు మూడవది. మనకు కావలసిన కాన్ఫిగరేషన్, అంటే మనకు కావలసినంత మెమరీతో, మనకు నచ్చిన తెరతో ఉన్న పెట్టె, నిజంగా మన గుమ్మం ముందుకు వచ్చే రోజు నాలుగవది. నేను మొదటి తేదీని చూసి నాలుగవ తేదీ అనుకున్నాను. ఏప్రిల్‌లో మన దేశంలో జాబితాకెక్కింది గానీ, 16 జీబీ మెమరీ ఉన్నది మాత్రమే పెట్టారు. నాకు 32 జీబీ కావాలి కనుక ఆర్డరు మీద తయారు చేయించుకోవలసి వచ్చింది. ఆ డెలివరీ తేదీ మూడుసార్లు వెనక్కి జరిగి, చివరికి ఆగస్టు రెండవ వారంలో పెట్టె వచ్చింది.

ఈలోగా జూలై వచ్చిపడింది. ఆడిట్ అవసరం లేనివారికి ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నుల గడువు జూలై 31. మా పనిలో దానికి ముందు మూడు వారాలు పండుగా పబ్బమూ ఉండవు. సరిగ్గా అప్పుడే నా పాత ల్యాప్‌టాప్‌లో తెరను పట్టి ఉంచే ఎడమవైపు కీలు విరిగింది. ఎలాగూ కొత్తది వస్తోంది కదా, దీనిమీద డబ్బు తగలేయడం ఎందుకన్న లెక్కతో బాగుచేయించలేదు. ఫైళ్లకు పెట్టే నల్లటి బైండర్ క్లిప్పులు రెండు తీసుకొని విరిగిన మూలను పట్టించి, తెర వెనుక ఒక లావుపాటి రిజిస్టరు ఆనించి పని నడిపాను. పీణ్యలో లేత్ మిషన్లు నడిపే మా కర్నూలు పెద్దాయన అది చూసి, "ఏం సార్, మా లెక్కలన్నీ సరిచేస్తారు గానీ మీ డబ్బా మూత సరిచేసుకోరా?" అన్నారు. నవ్వేశాను గానీ ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. కొత్తది వస్తుందన్న ఆశతో పాతదాన్ని నిర్లక్ష్యం చేయడం ఎదురుచూపుల వల్ల కలిగే అసలు నష్టం; ధర తగ్గుతుందా పెరుగుతుందా అన్నది దాని తరువాతి సంగతి.

ఇక బరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు కూడా ప్రధానంగా దాని కోసమే చూస్తున్నట్లున్నారు. కంపెనీలు బరువు చెప్పేటప్పుడు "ఇంత నుంచి మొదలు" అంటాయి. ఆ "నుంచి" అన్న మాటను మనం చదవకుండా దాటేస్తాం. టచ్ తెర, పెద్ద బ్యాటరీ వంటివి చేర్చుకున్న కొద్దీ బరువు పెరుగుతుంది, ప్రకటనలో ఉండేది మాత్రం అన్నిటికంటే తేలికైన కాన్ఫిగరేషన్ బరువు. నా పెట్టె వచ్చిన సాయంత్రమే ల్యాప్‌టాప్‌ను మా వీధి చివర కూరగాయలమ్మ దగ్గరికి తీసుకువెళ్లి, వంకాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక పాత తువాలు పరిచి పెట్టాను. కిలోకు కాస్త పైన అని ప్రకటించినది కాటా మీద 1 కిలో 240 గ్రాములు తూగింది. ఎడాప్టరు కూడా పెట్టి చూస్తే అది మరో 390 గ్రాములు. ఎడాప్టరు ఇటుక చిన్నదే గానీ, మన గోడ సాకెట్లకు సరిపోయే మూడు పిన్నుల లావాటి తీగే దాదాపు సగం బరువు ఉంది. కూరగాయలమ్మ మాత్రం ఇంత చిన్నదానికి లక్షన్నరా అని రెండుసార్లు అడిగింది. తరువాత నేను విడిగా 65 వాట్ల చిన్న టైప్-సి ఛార్జరు కొనుక్కున్నాను. కొత్త ల్యాప్‌టాప్ వల్ల భుజానికి దొరికిన సుఖంలో మంచి వంతు ఆ చిన్న ఛార్జరుదే.

ఎక్స్1 కార్బన్ విషయంలో బరువు తగ్గిన తీరు చూడండి. 2012లో మొదటి తరం సుమారు 1.36 కిలోలు. 2021లో వచ్చిన తొమ్మిదవ తరం 1.13 కిలోల నుంచి మొదలైంది. 2024 సెప్టెంబరులో ప్రకటించిన పదమూడవ తరం 986 గ్రాముల నుంచి మొదలై కిలో లోపలికి దిగింది. అంటే పన్నెండేళ్లలో తగ్గినది నాలుగు వందల గ్రాముల లోపే, ఏడాదికి సగటున ముప్పై గ్రాములు. రెండు కిలోలు దాటిన యంత్రాన్ని మోస్తున్న మీకు, ఇప్పుడు దొరికే తరమే కిలో బరువు దించుతుంది. మరో ముప్పై నలభై గ్రాముల కోసం ఇంకో వేసవి అంతా పాత బరువును మోయడంలో నాకు అర్థం కనిపించడం లేదు.

అయితే ఆగడం ఎప్పుడూ దండగే అని నేను అనడం లేదు. 2014లో వచ్చిన ఎక్స్1 కార్బన్ రెండవ తరంలో పై వరుసలోని ఎఫ్1, ఎఫ్2 మీటలన్నీ తీసివేసి, వాటి స్థానంలో తాకితే పనిచేసే ఒక పట్టీని పెట్టారు. అది వాడేవారిలో చాలామందికి నచ్చలేదు, 2015లో వచ్చిన మూడవ తరంలో మామూలు మీటలు తిరిగి వచ్చాయి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో రోజంతా ఎఫ్5, ఎఫ్7, ఎఫ్8 కొట్టే నాలాంటివారికి ఆ పట్టీ ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడాది తొందరపడక, కొన్నవారి మాటలు విని ఆగినవారు బాగుపడ్డారు. వారు ఎదురుచూసినది ప్రకటన కోసం కాదు, వాడినవారి అనుభవం కోసం. ఈ రెండింటికీ తేడా ఉంది. అలాగే 2021లో ఎక్స్1 కార్బన్ తెర 16:9 నుంచి 16:10 నిష్పత్తికి మారింది. నిలువున 1080 చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నచోట 1200 అయ్యాయి, ఎక్సెల్‌లో ఒక్కో వరుస మామూలుగా 20 చుక్కల ఎత్తు కనుక, పరిమాణం పెంచకుండా చూస్తే ఆరు వరుసలు అదనంగా కనిపిస్తాయి. పద్దులు చూసేవాడికి ఆరు వరుసలు తక్కువేమీ కాదు. ఆ మార్పు కోసం నేనైనా ఆగి ఉండేవాణ్ణి. మీరు ఎదురుచూస్తున్న కొత్త తరంలో ఇలా మీ చేతికో కంటికో తగిలే మార్పు ఏదైనా ఉందా అని ఆలోచించండి. ప్రాసెసరు పేరు మారడం అటువంటి మార్పు కాదు, బ్యాటరీ గంటల లెక్కలో స్పష్టంగా కనిపిస్తే తప్ప.

మీ విషయంలో ఆగవద్దని చెప్పడానికి బలమైన కారణాలు ఇంకో రెండు ఉన్నాయి. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అన్నింటికీ విండోస్ 11 అధికారికంగా వర్తించదు, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డబ్బు కట్టో ఇతరత్రానో మరికొంత కాలం భద్రతా అప్‌డేట్లు తెచ్చుకోవచ్చు గానీ, ఖాతాదారుల పాన్ వివరాలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఉన్న యంత్రాన్ని అరువు తెచ్చుకున్న గడువు మీద నడపడం నా దృష్టిలో సరైన పని కాదు. రెండవది మెమరీ ధర. ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి, ఆ భారం కొత్తగా వచ్చే ల్యాప్‌టాప్‌ల ధరల్లో కనిపించక మానదు. ఈ తరహా పలుచటి యంత్రాల్లో మెమరీని బోర్డుకే అతికించి ఉంచుతారు కనుక, ఇప్పటికి 16 జీబీ తీసుకొని ధర తగ్గాక పెంచుకుందాం అనుకోవడానికి వీలు లేదు. కొనేరోజే 32 జీబీ తీసుకోండి.

పన్ను లెక్క కూడా చెప్పకుండా ఉండలేను, అది నా వృత్తి దోషం. ఉదాహరణకు ల్యాప్‌టాప్ ధర లక్షా యాభై వేలు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 27 వేలు అనుకుందాం. బిల్లు మీద మీ జీఎస్‌టీ నంబరు ఉండి, వ్యాపారానికే వాడుతూ ఉంటే ఆ 27 వేలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టవలసిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోవచ్చు. నంబరు లేకుండా బిల్లు వేయించుకొని తరువాత మార్పించుకోవాలంటే కాళ్లరిగేలా తిరగాలి. మిగిలిన లక్షా యాభై వేల మీద కంప్యూటర్లకు తరుగుదల 40 శాతం. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. అలా ఏడాది చివర్లో, మార్చి 31 లోపు కొని వాడకం మొదలుపెడితే ఆ ఏడాది 30 వేలు, మిగిలిన లక్షా ఇరవై వేల మీద మరుసటి ఏడాది 48 వేలు ఖర్చుగా రాసుకోవచ్చు. మీరు వచ్చిన ఆదాయంలో సగాన్ని లాభంగా చూపే ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్ను వేస్తూ ఉంటే ఈ తరుగుదల విడిగా దొరకదు, కాబట్టి అప్పుడు దీనికోసం తొందరపడనక్కరలేదు.

అమెరికా నుంచి తెప్పించుకునే ఆలోచన మీకు కూడా వచ్చి ఉంటుంది. మా తోడల్లుడు నా కోసం తెస్తానని అప్పట్లో అన్నాడు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా వెంట తెచ్చుకోవచ్చు, కనుక నిబంధనల ప్రకారం ఇబ్బంది లేదు. కానీ ఆ బిల్లు మీద మీకు జీఎస్‌టీ క్రెడిట్ రాదు, వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో మోడల్ వారీగా చూసుకోవాలి, కీబోర్డు మీద రూపాయి గుర్తు ఉండదు. ఈ మూడింటిలో చివరిదాన్ని ఎలాగో సర్దుకోవచ్చు గానీ, మదర్‌బోర్డు పోయిన రోజున వారంటీ లేకపోవడం మాత్రం సర్దుకునే సంగతి కాదు.

నేనైతే ఈ వారంలోనే ఒక మధ్యాహ్నం వీలు చేసుకొని, ప్రస్తుత తరం 32 జీబీ పెట్టె ఎక్కడ సిద్ధంగా ఉందో బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో నాలుగు చోట్ల అడిగి చూస్తాను. కొత్త తరం ప్రకటన వెలువడిన తరువాత పాత తరం సరుకు వదిలించుకోవాలన్న తొందర అమ్మేవారికి ఉంటుంది, బేరానికి అదే అదను. అయితే డబ్బు కట్టకముందే పెట్టె మీది సీరియల్ నంబరును కంపెనీ సైటులో కొట్టి, వారంటీ ఎప్పటి నుంచి మొదలైనట్లు చూపుతోందో చూడండి. గోదాములో ఆరు నెలలు పడి ఉన్నదానికి మీ వారంటీలో ఆరు నెలలు అప్పటికే కరిగిపోయి ఉండవచ్చు. అలా ఉంటే బిల్లు తేదీకి మార్పించే పూచీ దుకాణదారుడే తీసుకోవాలని మాట తీసుకోండి. వెళ్లేటప్పుడు యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే మీ డిజిటల్ సంతకం టోకెన్‌ను జేబులో వేసుకొని వెళ్లడం మరచిపోవద్దు. ఎక్స్1 కార్బన్‌లో పాత తరహా యూఎస్‌బీ రంధ్రాన్ని ఇంకా ఉంచారు గానీ, మీరు చూసే మిగతా పలుచటి మోడళ్లలో కొన్నింటికి టైప్-సి తప్ప మరేదీ ఉండదు. గడువు రోజు రాత్రి పదకొండు గంటలకు మారతహళ్లిలో కన్వర్టరు కోసం దుకాణాలు వెతికిన అనుభవం నాకు ఉంది.